పూత పట్టుకున్న చోట

మొన్నొక పొద్దున నాయినను తీసుకుని ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాను. చర్మం డాక్టరు దగ్గరికి. ఎనభై దాటిన మనిషి, మెట్ల దగ్గర చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంటాడు. స్టేషను బయటికి రాగానే ఎదురుగా ఒక పెద్ద బోర్డు. ఒకే అమ్మాయి ముఖాన్ని నిలువుగా రెండు చేసి, ఒక సగం మచ్చలతో నల్లగా, ఇంకో సగం పాల మీగడలా తెల్లగా చూపించారు. కింద ఏదో చికిత్స పేరు. ఆ చుట్టుపక్కల అలాంటి బోర్డులు మిఠాయి కొట్లకంటే ఎక్కువున్నాయి. నాయిన కర్ర ఆనించుకుని ఆగి, ఆ ముఖాన్ని పైకీ కిందికీ తీరిగ్గా చూశాడు. "ఈ పిల్ల గూడ బస్సు నడిపిందా ఏంది?" అన్నాడు. నేను రోడ్డు మీదే నవ్వాను. నవ్వుతూనే భయపడుతున్నాను కూడా. ఎందుకంటే అంతకు ముందు రోజే ఆయన కుడి చెవి ముందర నా వేలికి ఒకటి తగిలింది. అదేమిటో తెలుసుకోవడానికే ఈ ప్రయాణం.

నాయిన పేరు నర్సింహ. సర్కారు బస్సు డ్రైవరు. నల్గొండ పక్క పల్లె నుంచి పట్నం వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ నుంచి నల్గొండకు బస్సు తిప్పడంలోనే ఉద్యోగమంతా గడిపాడు. పొద్దున తూర్పుకు పోతాడు, సూర్యుడు ఎదురుగా ఉంటాడు. సాయంత్రం పడమటికి తిరిగొస్తాడు, అప్పుడూ సూర్యుడు ఎదురే. పొద్దెక్కినాక డ్రైవరు కిటికీ పక్క నుంచి కొడుతుంది. అట్లా ఏళ్ల తరబడి కాల్చగా కాల్చగా ఆయన కుడి చెంప, కుడి చెవి, కుడి చెయ్యి మాడిపోయి, కణత మీదా బుగ్గ మీదా మంగు మచ్చలు కట్టాయి. ఎడమ వైపు మాత్రం ఊళ్లో పుట్టినప్పటి చామనఛాయ అట్లాగే ఉంది. ఎడమ నుంచి చూస్తే కొత్త పెళ్లికొడుకు, కుడి నుంచి చూస్తే వాడి మేనమామ అని డిపోలో ఎగతాళి చేసేవారట. ఆ మాట నాయినే ఇంటికొచ్చి చెప్పి, అందరికంటే ముందు తనే నవ్వేవాడు.

అప్పుడు మేం సరూర్‌నగర్‌లో చెరువు పక్క గల్లీలో కిరాయికి ఉండేవాళ్లం. ఒక గది, ఒక వంటిల్లు, ముందర నాపరాళ్లు పరిచిన చిన్న వాకిలి. ఎల్బీనగర్ అంటే ఇంకా ద్రాక్షతోటలే; అటు నుంచి వచ్చే గాలికి వాకిట్లో మట్టివాసన, చెరువు నాచు వాసన కలిసి వచ్చేవి. నాయిన డ్యూటీ దిగి వచ్చేసరికి ఇంకా వెలుతురు ఉండేది. కాళ్లు కడుక్కుని, ఛాయ తాగి, ఎవరూ పిలవకుండానే వాకిట్లో పీట మీద కూర్చునేవాడు. డీజిలూ చెమటా కలిసిన వాసన ఆయన చొక్కా నుంచి వస్తుంటే, వంటింటి గడప మీద అమ్మ జాజికాయ అరగదీస్తున్న ఘాటు దాన్ని మెల్లగా అదిమేసేది. సాన మీద పచ్చి మేకపాలు చుక్క చుక్క వేస్తూ, జాజికాయను గుండ్రంగా తిప్పుతూ, గంధం చిక్కగా అయ్యేదాకా ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు. మేకపాలు చెరువుకట్ట కింద మేకలు కట్టేసుకునే ఒక ముసలమ్మ దగ్గర తెచ్చేది నేనే. చెంబు తేకుండా చిన్న గిన్నె తెస్తున్నానని ఆ ముసలమ్మ రోజూ నవ్వేది.

అమ్మ పేరు సత్తెమ్మ. పూత పూసేటప్పుడు ఆయన కుడి పక్కన గొంతుకూర్చునేది. ముందు తడిగుడ్డతో దుమ్ము తుడిచి, ఆరనిచ్చి, ఉంగరం వేలితో కణత దగ్గర మొదలుపెట్టి కిందికి వచ్చేది. కంటి దగ్గర పలుచగా, బుగ్గ మీద మందంగా, చెవి వెనక కూడా మరిచిపోకుండా. "కదలకు జర" అనేది. నాయిన కళ్లు మూసుకుని, బస్సు నడిపే మనిషేనా అనిపించేంత బుద్ధిగా కూర్చునేవాడు. మా ఇంట్లో భార్యాభర్తలు పిల్లల ముందు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవడం నేను చూడలేదు. పక్కపక్కన కూర్చుని తినడం కూడా చూడలేదు. కానీ రోజూ ఆ వెలుతురు పోయేలోగా, గల్లీలో పోయేవాళ్లందరి కళ్ల ముందు, మా అమ్మ మా నాయిన ముఖాన్ని అంగుళం అంగుళం తాకేది. నేను పుస్తకం ఒళ్లో పెట్టుకుని చదువుతున్నట్టు నటిస్తూ అది చూసేదాన్ని. నాకది గుళ్లో హారతి ఇచ్చేటప్పటి నిశ్శబ్దంలా అనిపించేది, ఎందుకో చెప్పమంటే అప్పుడు చెప్పలేకపోయేదాన్ని.

పూత ఎండి బిగుసుకున్నాక నీళ్లు చల్లి, బొటనవేలితో చిన్నగా రాస్తూ రాల్చేది. ఎండిన గంధం పొడిపొడిగా ఆమె ఒళ్లోకి రాలేది. ఇంత చేసినా మచ్చలు పోయాయా అంటే పోలేదు. చలికాలం కొంచెం తగ్గినట్టుండేవి, ఎండాకాలం మళ్లీ వచ్చి కూర్చునేవి. అమ్మకు ఆ సంగతి అందరికంటే బాగా తెలుసు. "మచ్చ పోవుడు దేవునికెరుక, పెరగకుంటే సాలు" అనేది. అందుకే పూతతో ఊరుకోలేదు. పాత ఖాకీ ప్యాంటు కాలు ఒకటి కత్తిరించి, కుట్టు మిషను ఉన్నవాళ్లింట్లో కూర్చుని, నాయిన కుడి చేతికి ఒక్క చెయ్యి కుట్టింది. చొక్కా లేదు, రెండో చెయ్యి లేదు. భుజం దగ్గర నాడాతో కట్టుకునే ఒంటిచెయ్యి. అది వేసుకుని పోనని నాయిన మొరాయించాడు. "నవ్వుతరే" అన్నాడు. "నవ్వనియ్. వాళ్ల చేతులు కాలుతలేవా?" అంది అమ్మ. నవ్వారు కూడా. ఆ ఎండాకాలం ముగిసేలోగా డిపో నుంచి ముగ్గురో నలుగురో డ్రైవర్లు తలా ఒక పాత ప్యాంటు పట్టుకుని మా వాకిట్లోకి వచ్చారు.

పక్క వాటాలో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన రాజ్యం పిన్నిగారు ఉండేవారు. మంచి మనిషి, చేతిలో ఏ కొత్త వంట ఉన్నా మాకు పెట్టకుండా తినేది కాదు. రోజూ ఈ తతంగం చూసి చూసి ఒకనాడు ఆగలేకపోయింది. "జాజికాయతో ఎన్నేళ్లు పడతారు సత్తెమ్మ గారూ? నిమ్మచెక్క మీద పంచదార అద్ది రుద్దండి, వారం తిరిగేసరికి ముఖం తేటపడుతుంది. మా ఊళ్లో అందరం అదే చేస్తాం" అన్నది. అమ్మ ఊకొట్టి ఊరుకుంది. నాయిన మాత్రం ఆశపడ్డాడు. మర్నాడు తెల్లారి అమ్మ నీళ్లకు పోయినప్పుడు నిమ్మచెక్క రుద్దుకుని, కడుక్కోకుండానే డ్యూటీకి పోయాడు. పిన్నిగారి ఊళ్లో అది రుద్దుకునేది నీడపట్టున కూర్చునేవాళ్లు. నాయిన రుద్దుకుని పోయింది సూర్యుడికి ఎదురుగా. చిట్యాల దాటకముందే చెంప మంటెత్తిందట. సాయంత్రానికి పొక్కి, ఉన్న మచ్చ ఇంకా నల్లబడి ఇంటికొచ్చాడు. అమ్మ ఒక్క మాట తిట్టలేదు. పెరుగు మీది తేట గుడ్డకు తడిపి వేస్తూ, "పుల్లటిది పూసుకొని ఎండల తిరిగితే తోలు ఉంటదా?" అని మాత్రం అంది. పిన్నిగారికి ఈ సంగతి చెప్పొద్దని మా అందరికీ గట్టిగా చెప్పింది. చెబితే ఆమె బాధపడుతుందని.

ఆ పొక్కులు మాని, చలికాలం వచ్చాక, ఒకనాడు పూత రాలుస్తున్న అమ్మ బొటనవేలు ఆగిపోయింది. కంటికీ కణతకూ మధ్య, కందిగింజంత చోట గంధం రాలడం లేదు. ఇంకొన్ని నీళ్లు చల్లి మళ్లీ రాసింది. చుట్టూ రాలింది, అక్కడ మాత్రం పట్టుకునే ఉంది. సాన తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మరుసటి రోజు సరిగ్గా అక్కడే ఆగింది. ఆ మరుసటి రోజూ అంతే. అప్పుడు నాయిన గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురుకు తిప్పింది.

"ఏందయ్యా, పూత ఈడ పట్టుకుంటుంది?"

"గడ్డం గీసుకున్నప్పుడు తెగిందేమో."

"కంటికాడ ఎవడన్న గడ్డం గీసుకుంటడా?"

నాయిన నవ్వాడు. అమ్మ నవ్వలేదు. నేను దగ్గరికి వెళ్లి చూశాను. నా కంటికి అక్కడ ఏమీ కనిపించలేదు. మిగతా మచ్చల్లో అదీ ఒక మచ్చ. అమ్మ నా వేలు పట్టుకుని దాని మీద పెట్టింది. అప్పుడు తెలిసింది, పిల్లి నాలుకలా గరుకుగా ఉంది. చుట్టూ ఉన్న మంగు ఎంత నల్లగా ఉన్నా నున్నగా ఉంటుంది, ఇది వేరే. దాని సంగతి కన్ను చెప్పదు, వేలే చెప్పాలి. రాజ్యం పిన్నిగారు వేపాకు నూరి పసుపుతో కట్టమన్నారు. ఇంకెవరో సున్నం పెట్టమన్నారు. అమ్మ ఆ పూట సాన కడిగి, ఆరబెట్టి, మంచం కింద బోర్లించింది. "ఇది నా చేతుల లేదు. దవాఖానకు పోదాం" అంది.

దవాఖాన పేరెత్తితే నాయినకు పడదు. సెలవు దొరకదన్నాడు, ఇంత చిన్నదానికి డాక్టరు నవ్వుతాడన్నాడు, చివరికి కోపం తెచ్చుకుని గొంతు పెంచాడు. అమ్మ అన్నీ విని, "కన్ను పోతే స్టీరింగు నీ చేతికి ఎవడిస్తడు?" అంది. ఆ ఒక్క మాటకు ఆయన సెలవు పెట్టాడు. మూసీ దాటి పెద్ద దవాఖానకు వెళ్లాం. బోర్డులు చదవడానికి నన్ను తీసుకుపోయారు. ఒక నడివయసు డాక్టరు భూతద్దం పెట్టి చూశాడు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. మళ్లీ రమ్మన్న రోజున, ఇది ఎండ తగిలి తగిలి చర్మంలో పుట్టే క్యాన్సరు అనీ, నిదానంగా పెరిగేదే కాబట్టి ఇప్పుడే కోసి తీసేస్తే భయం లేదనీ, వదిలేస్తే కంట్లోకి పాకేదనీ చెప్పాడు. అమ్మ గోడకు ఆనుకుని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, డాక్టరు పెదాలనే చూస్తోంది. ఆయన నాయిన వైపు తిరిగి, "మంచి టైముకు వచ్చినవ్. ఇది ఇంత చిన్నగ ఉన్నప్పుడు ఎవ్వరూ రారు. ఎవరు గుర్తుపట్టిండ్రు?" అని అడిగాడు.

నాయిన ఆయన వెనక నిలబడ్డ కుర్ర డాక్టర్ల వైపు ఒకసారి చూశాడు. "నేనే సార్. అద్దంల చూసుకుంటుంటే కనవడ్డది" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. బస్సు అద్దం తప్ప ఇంకో అద్దంలోకి మా నాయిన తొంగిచూడగా నేను చూడలేదు. పెళ్లాం రోజూ ముఖానికి పూత పూస్తుందని, బుద్ధిమంతుడిలా కూర్చుంటానని, ఆ పెద్ద గదిలో నలుగురు కుర్ర డాక్టర్ల ముందు చెప్పుకోవడానికి మగవాడికి నామోషీ అని ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు అర్థం కాలేదు. కోత అయిపోయి, కట్టు కట్టించుకుని బయటికి వచ్చాక, నాయిన మందులు తేవడానికి పోయిన సందు చూసి అమ్మను నిలదీశాను. "నువ్వు గదా చూసింది? ఎందుకు చెప్పలే?" అన్నాను. "ఎవరు చూస్తే ఏంది బిడ్డా. మొకం ఆయనదే గదా" అంది. తర్వాత నాయిన రాగానే ఆకలవుతోందా అని అడిగి, సంచిలోంచి సద్ది డబ్బా తీసింది.

గాయం మానాక సాన మళ్లీ మంచం కింది నుంచి బయటికి వచ్చింది. నాయిన రిటైరయ్యాక కూడా ఆగలేదు. మాకు మన్సూరాబాద్‌లో ఫ్లాటు అయ్యాక వాళ్లిద్దరూ మాతోనే ఉన్నారు. వాకిలి పోయి బాల్కనీ వచ్చింది, మేకపాలు పోయి ప్యాకెట్టు పాలు వచ్చాయి, పీట పోయి ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. పూత మాత్రం అదే వేళకు, అదే పక్కన కూర్చుని. నా అల్మారాలో చర్మానికి పూసుకునే క్రీములు వరుసగా ఉంటాయి. ఉదయం ఒకటి, ఎండలోకి పోయేముందు ఒకటి, పడుకునేముందు ఒకటి. అద్దం చూడకుండానే పూసేసుకుని పరుగెత్తుతాను. అవి మంచివే, డాక్టరు ఇచ్చినవే, జాజికాయకంటే బాగా పనిచేస్తాయి కూడా. కానీ ఇంకొకరి ముఖాన్ని అంతసేపు, అన్నేళ్లు, ఏమీ ఆశించకుండా చూసిన మనిషిని నేను అమ్మ తర్వాత చూడలేదు. మచ్చలు పోవని తెలిసీ రోజూ ఎందుకు పూసేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. చదువు రాని మా అమ్మకు తన మందు ఎంతవరకు పనిచేస్తుందో తెలుసు. అది ఎక్కడ ఆగిపోతుందో కూడా అంతే కచ్చితంగా తెలుసు.

కిందటి వానాకాలంలో అమ్మ పోయింది. ఆ తర్వాతి నెలల్లో నాయిన తిండి, మందులు, బీపీ, కళ్లద్దాలు అన్నీ నేను చూశాను. ముఖం చూడలేదు. అంటే రోజూ చూస్తూనే ఉన్నాను, అమ్మ చూసినట్టు చూడలేదు. మొన్న బాల్కనీ తలుపు గాలికి కొట్టుకోకుండా పనమ్మాయి ఏదో రాయి అడ్డం పెట్టింది. వంగి తీద్దును గదా, అమ్మ సాన. అడుగున ఇంకా జాజికాయ మరక ఉంది. కడిగి తుడిచాను. ఏమనిపించిందో, డబ్బాలో ఉన్న జాజికాయ తీసి, పాలు చుక్క వేసి తిప్పడం మొదలుపెట్టాను. ఆ ఘాటు హాల్లోకి పోయింది. కాసేపటికి కర్ర చప్పుడు. నాయిన వచ్చి, నన్నేమీ అడగకుండా, ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుని, కళ్లు మూసుకుని, కుడి చెంప నా వైపు తిప్పాడు.

కన్నతండ్రే అయినా, అప్పుడెప్పుడో అమ్మ నా వేలు పట్టి పెట్టిన ఆ ఒక్కసారి తప్ప, ఆ ముఖాన్ని నేను ఎప్పుడూ తాకలేదు. కణత దగ్గర మొదలుపెట్టాను. పాత కోత గీత సన్నటి దారంలా వేలికి తగిలింది, దాని మీద నున్నగా ఉంది. బుగ్గ, దవడ, చెవి వెనక. ఎండిపోయాక నీళ్లు చల్లి బొటనవేలితో రాల్చాను. గంధం పొడి నా చీర మీద రాలింది. చెవి ముందరకు వచ్చేసరికి కొంచెం చోట రాలలేదు. మళ్లీ నీళ్లు చల్లాను. మళ్లీ రాశాను. నా వేలు అక్కడ ఒక్క రవ్వ ఎక్కువసేపు ఆగి ఉంటుంది.

"పట్టుకుందా?" అన్నాడు నాయిన, కళ్లు తెరవకుండానే.

"కొంచెం, నాయినా."

"పోదాం పా. రేపే పోదాం."

ఒకప్పుడు అమ్మ అంత పోట్లాడితే గానీ కదలని మనిషి ఆ రాత్రే ఇస్త్రీ చొక్కా తీసి కుర్చీకి వేసుకున్నాడు. పొద్దున మెట్రోలో కిటికీ పక్కన కూర్చుని, తను బస్సు తోలిన రోడ్డును పైనుంచి చూస్తూ, "ఎండ ఎనక నుంచి వస్తుంది, సూసినవా? గీ రోడ్డు మీద నాకు గిట్ల ఎన్నడన్న వచ్చిందా" అని పసిపిల్లవాడిలా మురిసిపోయాడు.

దిల్‌సుఖ్‌నగర్ క్లినిక్‌లో డాక్టరు చిన్నమ్మాయి, నా కూతురి వయసు ఉంటుంది. లైటున్న అద్దం పెట్టి చాలాసేపు చూసింది. ముక్క తీసి పంపింది. మళ్లీ వెళ్లిన రోజున రిపోర్టు చదివి, పాత జబ్బే అని, కానీ ఇంకా చర్మం పైపొరలోనే ఉందని, అక్కడికక్కడే తీసేయొచ్చని, కుట్లు కూడా ఎక్కువ పడవని చెప్పింది. ఆమె రాసుకుంటూ రాసుకుంటూ తలెత్తి, ఆశ్చర్యంగా నాయిన వైపు చూసింది. "తాతా, ఇది కంటికి కనవడేటంత గూడ లేదు. ఇంత తొందరగ ఎవరు గుర్తువట్టిండ్రు?"

నేను నోరు తెరవబోయాను. నాయిన నాకంటే ముందు, నిటారుగా కూర్చుని, గది దాటి బయట కూర్చున్నవాళ్లకు కూడా వినిపించేంత గొంతుతో, "మా ఇంటామె" అన్నాడు.

నేను సరిదిద్దలేదు. ఆ అమ్మాయి నవ్వి, మందులు రాసిన కాగితం ఆయన చేతికిస్తూ, "అవ్వ మంచిగ చూసింది. నేను అన్ననని ఆమెకు చెప్పు తాతా" అంది.

నాయిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "చెప్తమ్మా" అన్నాడు.